లిటిల్ స్పూన్ సరస్సున గూటికాపరి యుద్ధము

హిమరాక్షసుడు పలాయితుడై, లైలాక్ పొదలు పరిమళధ్వజములెత్తి, దోమల చతురంగబలములింకను దండయాత్రకు వెడలని మే మాసపు ప్రాతఃకాలమున, విస్కాన్సిన్ ఉత్తరదేశాలంకారమైన లిటిల్ స్పూన్ సరస్సు దక్షిణతీరమందు, తన చెక్కరేవు కొసన, గాలంకర్రను కోదండముగా ధరించి నిలిచెను ఆరిన్ గస్టాఫ్సన్. బడిబస్సుల మరమ్మతు పని నుండి విశ్రమించిన మహాయోధుడు, గడచిన శీతకాలమంతయు బావమరిది రోలండ్ ఎగతాళిశరములకు గురియైన అభిమానధనుడు.

రోలండ్ పట్టిన బాస్ చేప ఫోటో ఊరి బారు గోడపై వెలయుచుండెను. ఆరిన్ ఫోటో ఏ గోడపైనను లేదు. ఆ కళంకమును కడుగుకొనుటకు విధి అతనికొక ప్రతివీరుని ప్రసాదించెను.

రేవు ప్రక్కన, మోకాలిలోతు నీటిలో, తోకతో ఊడ్చి పళ్లెము వలె తీర్చిన గులకరాళ్ల గూడు. దానినిండ గ్రుడ్లు. వాటిపై ఆహారనిద్రలు మాని తిరుగుచుండెను హరితకవచుడు, విశాలవక్త్రుడు, మగ బాస్ చేప. తల్లి గ్రుడ్లు పెట్టి ఎన్నడో లోతునీటికి వెడలెను, సంతానరక్షణభారమంతయు తండ్రిదే.

కాఫీ కప్పుతో వచ్చిన భార్య లోర్నా ఈ సన్నాహమును చూచి పెదవి విరిచెను.

"గూటిమీదున్న చేప మీదా నీ ప్రతాపం?"

"పట్టి వదిలేస్తే తప్పులేదు లోర్నా. చట్టమే ఒప్పుకుంటోంది."

"చట్టం సంగతి సరే. అది ఆకలేసి కొరకదు, పిల్లల జోలికొచ్చావని కొరుకుతుంది. ఉయ్యాల దగ్గర కూర్చున్నవాణ్ణి కవ్వించి, మీదకొస్తే పడగొట్టి, గెలిచానంటే ఎలా?"

"ఒక్క ఫోటో. నిమిషంలో వదిలేస్తా. మీ తమ్ముడి నోరు మూయించాలా వద్దా?"

"వాడి నోరు మా అమ్మే మూయించలేకపోయింది. నువ్వు చేపతో మూయిస్తావా?"

ధర్మోపదేశము చెవి సోకియు మనసు సోకని ఆరిన్, రబ్బరుబల్లిని ఎరగా గాలమునకు గ్రుచ్చి గూటి నడుమ విడిచెను. మత్స్యవీరుడు దానిని పెదవుల కొసతో పట్టి, వంటింటి బొద్దింకను వీధిలో పడవేయు గృహస్థుని వలె, గూటి వెలుపల ఉమిసెను. ఆరిన్ మరల విడిచెను. అతడు మరల ఉమిసెను. సూర్యుడు పైన్ చెట్లకెక్కెను, యోధుని నడుము పట్టుకొనెను. తుదకు సహనము నశించిన ఆ తండ్రి బల్లిని నమిలివేయబూనగా గాలము తగిలెను. కర్ర ధనువై వంగెను, రీలు ఆక్రోశించెను, జలము తుంపురులై లేచెను; ఘోరసంగ్రామానంతరము చేతివలలో తళతళలాడెను మహామత్స్యము. రోలండ్ చేపకన్న పెద్దది. ఎవరు చూచినను పెద్దదే.

ఫోన్ తెమ్మని భార్యను కేకవేయబోయి, ఆరిన్ గూటివంక చూచెను.

కాపరి లేని ఆ కోటపై నీలిచెంపల చిరుచేపలు మూకలు మూకలుగా విరుచుకుపడి గ్రుడ్లను భక్షించుచుండెను. అప్పుడు తెలిసెను ఆరిన్‌కు: తాను చేసినది యుద్ధము కాదు, దొంగలకు తలుపు తీయుట.

"ఫోన్ తేనా?" అనెను లోర్నా.

"వద్దు. తెచ్చేలోపు అక్కడేమీ మిగలదు."

గాలమూడదీసి చేపను నీట విడిచెను. కాని దిగ్భ్రాంతుడైన ఆ వీరుడు గూటికి మరలక లోతునకు పోయెను. అంతట ఆరిన్ గస్టాఫ్సన్, బూట్లైనను విప్పక, హిమశేషశీతలమగు ఆ జలమున దుమికి, టోపీని గదాదండముగా త్రిప్పుచు గూటి ముంగిట నిలిచెను.

"పొండి. ఇది మీ అత్తారిల్లు కాదు. ఇంటాయన వచ్చేదాకా ఈ గడపలో నేనున్నాను. ఒక్క గుడ్డు ముట్టుకున్నారో, ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి మరీ పెనంలో వేయిస్తా."

ఆ వీరాలాపసమయముననే రోలండ్ పడవపై అటు వచ్చెను.

"ఏంటి బావా, చేప చిక్కలేదని నీళ్లని కొడుతున్నావా?"

"కాపలా కాస్తున్నా. ఇంజను ఆపు, బురద రేగుతుంది."

"ఎవరింటికి కాపలా?"

"నవ్వింది చాల్లే రోలండ్," అనెను లోర్నా. "పడవ అక్కడే కట్టి, తెడ్డు తీసుకుని ఆ వైపు నువ్వు చూడు."

అక్క మాట జవదాటుట రోలండ్ వంశమున లేదు. తెడ్డుతో అతడు తూర్పుద్వారము కాచెను, టోపీతో ఆరిన్ పడమటిద్వారము కాచెను. పళ్లు పటపటకొట్టుకొనుచుండ, కాళ్లు మొద్దుబారుచుండ, బావాబావమరుదులు ఏకశిబిరస్థులై పోరాడిరి.

అప్పుడు రేవు నీడనుండి హరితచ్ఛాయ ఒకటి వెడలెను. కృతజ్ఞతలు, కుశలప్రశ్నలు ఏమియు లేక, బాణమువలె వచ్చి ఆరిన్ పిక్కను తలతో మోదెను. ఆరిన్ వెనుకంజ వేసెను. మరల మోదెను. ఆరిన్ రేవు మీదికి ప్రాకెను.

"చేప నిన్ను తరిమిందా బావా?"

"తరిమింది."

"ఎంతుంటుందేంటి?"

"నన్ను తరిమేంత."

గూటిలో సగము గ్రుడ్లు మిగిలెను. పళ్లెమంతటి ఆ మహాసామ్రాజ్యమునకు జయము. శత్రువులను, మిత్రులను సమముగా తరిమికొట్టిన దాని ప్రభువునకు జయము. పిక్కపై దెబ్బతిని, అడుగడుగున నీళ్లు కక్కు బూట్లతో, తల ఎత్తుకొని ఇల్లు చేరిన ఆరిన్ గస్టాఫ్సన్‌కును జయము.