ఒంటికి తగ్గ దుంగ

ఒక పెద్ద అడవి ఉండేది. అడవి ఎంత పెద్దదైనా వాగుకి పోయే దారి మాత్రం ఒక్కటే. గట్టిగా గాలి వీస్తే చాలు, ఆ దారికి అడ్డంగా ఏదో ఒక చెట్టు కూలేది. కూలిన చెట్టుని ఎవరో ఒకరు ఎత్తి పక్కన పెట్టాలి కదా. అందుకని అడవి సభ ఒక పదవి సృష్టించింది. దాని పేరు 'బలశాలి'.

బలశాలికి జీతం లేదు గానీ మర్యాద ఉంది. ఉప్పునేల దగ్గర అందరికంటే ముందు నిలబడి ఉప్పు నాకే హక్కు ఉంది. ఎదురుపడిన ప్రతి జంతువూ పక్కకి తప్పుకుని "దండాలండీ" అనాలి.

ఏటా వానలకి ముందు పోటీ పెట్టేవారు. నేల మీద ఉన్న దుంగని వంగి పట్టుకుని, నిటారుగా నిలబడేదాకా పైకి లేపాలి. ఎవరు పెద్ద దుంగ లేపితే వాళ్లే బలశాలి. ఏటా ఏనుగు మంగపతే గెలిచేవాడు. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టి, వచ్చేదారిలో తిట్టుకునేవారు.

అందరికంటే ఎక్కువ తిట్టుకునేది ఎలుగుబంటి బొంతమ్మ.

ఆమె తిట్టుకోవడంలో న్యాయం లేకపోలేదు. దుంగ ఎత్తడం బొంతమ్మకి ఒక పిచ్చి. వెనక కాళ్ల మీద నిలబడి, దుంగని మోకాళ్ల కిందికి దగ్గరగా లాక్కుని, నడుం బిర్రుగా పెట్టి, ఊపిరి బిగించి, కాళ్లతో నేలని కిందికి తొక్కేస్తున్నట్టు లేచేది. ఇవాళ ఎత్తిన దుంగ అలవాటయ్యాక ఇంకాస్త లావు దుంగ వెతుక్కునేది. ఎత్తిన మర్నాడు కదలకుండా పడుకునేది. పుట్టలో చెదలు, ఇప్పపూలు, దుంపలు, దొరికితే తేనె, కడుపునిండా తినేది. అలా ఏడాదికేడాది పెంచుకుంటూ వచ్చి, తనలాంటి ఎలుగులు ఇద్దరిని కట్టగట్టినంత బరువు ఎత్తే స్థితికి వచ్చింది.

"ఆ మంగపతి తన ఒంట్లో పదో వంతు బరువు లేని కొమ్మని తొండంతో అలా తీసి ఇలా పెడతాడు. దానికి దండాలా?" అని పక్క కలుగులో ఉండే ముళ్లపంది సూరమ్మ దగ్గర వాపోయేది.

"పోనీలే వదినా. ఏనుగుతో నీకు పోలికేంటి? పోయినేడాది నీతో ఈ ఏడాది నువ్వు పోల్చుకో" అనేది సూరమ్మ.

"అలా పోల్చుకుంటే ఉప్పెవరు పెడతారే?" అనేది బొంతమ్మ.

ఈ బాధ సభ కార్యదర్శి లింగమూర్తి చెవిన పడింది. లింగమూర్తి కొండముచ్చు. ఒంటిమీద పిడికెడు కండ లేదు, పొడుగాటి తోక ఉంది, అంతకంటే పొడుగాటి ఆలోచనలున్నాయి. ఆయనకీ ఉప్పంటే ఇష్టమే. కానీ దుంగలతో ఏనుగుని ఓడించలేడు. లెక్కలతో ఓడించవచ్చని ఆయనకి అప్పుడే తట్టింది.

మర్నాడు సభలో లేచి గొంతు సవరించుకున్నాడు.

"సభకి నమస్కారం. మనం ఇన్నాళ్లూ బలాన్ని కొలుస్తున్నాం అనుకుంటున్నాం. కాదు, పొట్టని కొలుస్తున్నాం! పెద్ద ఒళ్లున్నవాడు పెద్ద దుంగ ఎత్తడం గొప్పా? ఎత్తిన బరువుని ఎత్తినవాడి బరువుతో భాగించాలి. తన ఒంటికి ఎన్ని రెట్లు ఎత్తాడో చూడాలి. అదీ అసలు బలం. అదీ సామాజిక న్యాయం."

చిన్న జంతువులన్నీ ఈలలు వేశాయి. బొంతమ్మ లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టింది.

మంగపతి నెమ్మదిగా అడిగాడు. "బాబూ, దారికి అడ్డంగా పడ్డ చెట్టు మన రెట్లు చూసి లేస్తుందా?"

"అది సాంకేతిక విషయం మంగపతిగారూ. తర్వాత చర్చిద్దాం" అన్నాడు లింగమూర్తి. తర్వాత అనేది ఆ సభలో ఎప్పుడూ రాలేదు.

పోటీ రోజు కొమ్మకి తీగలతో పెద్ద తక్కెడ కట్టారు. ముందు జంతువుని తూచడం, ఆ తర్వాత దుంగని తూచడం. మంగపతి తన ఒంటిలో చిన్న ముక్కంత చెట్టు ఎత్తి, లెక్క చెప్పగానే సిగ్గుతో చెవులు వేలాడేశాడు. లింగమూర్తి పళ్లు బిగించి తన బరువుకి ఒకటిన్నర రెట్లు లేపి, గెలిచానని నవ్వాడు. నవ్వు పూర్తికాకముందే బొంతమ్మ రెండు రెట్లు దాటించి పారేసింది.

లింగమూర్తి మొహం మాడిపోయింది. బొంతమ్మకి అప్పుడే నోట్లో ఉప్పు రుచి తగిలింది.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని ఆచారం కోసం అడిగాడు కార్యదర్శి.

"ఉన్నానండీ" అని నేలమీంచి ఒక గొంతు వినిపించింది.

పేడపురుగు. పేరు ఉండలరావు. పుట్టిన దగ్గర్నుంచీ పేడ ఉండలు దొర్లించుకుని బతికేవాడు.

"ఒరేయ్, నువ్వేంట్రా ఇక్కడ?" అన్నాడు లింగమూర్తి.

ఉండలరావుని గురివింద గింజలతో తూచారు. ఒక్క గింజ కూడా తూగలేదు. వాడు పక్కనున్న గులకరాయి కిందకి దూరి, తల ఆనించి, కాళ్లు వణుకుతుండగా పైకి లేపాడు. ఎంత ఎత్తు లేపాడో ఎవరికీ కనపడలేదు గానీ కింద వెలుతురు కనపడిందని చీమలు సాక్ష్యం చెప్పాయి. లెక్క కట్టారు. రెట్లు రెట్లుగా పెరిగిపోయింది. లింగమూర్తి వేళ్లు చాలక తోక కూడా వాడాల్సి వచ్చింది.

తను చేసిన చట్టం తన మెడకే చుట్టుకుందని లింగమూర్తికి అర్థమైంది. కానీ ఆయన కార్యదర్శి. క్షణంలో తేరుకుని, నేలకి వంగి, చేతులు జోడించాడు.

"ఉండలరావుగారూ! తమరే మా బలశాలి. తమకి సలహాదారు అవసరం ఉంటుంది కదండీ?"

"ఉంటుందాండీ?" అన్నాడు ఉండలరావు భయంభయంగా.

"తప్పకుండా ఉంటుంది. తమరి వంతు ఉప్పు మొత్తం తమరొక్కరే ఎలా నాకగలరు? నేను సాయపడతాను."

బొంతమ్మకి రెండో స్థానం మిగిలింది. రెండో స్థానానికి ఉప్పు లేదు. ఆమె ఏడుపు చూసి లింగమూర్తి ఇంకో పదవి పుట్టించాడు. ఉపబలశాలి. ఉప్పులో రెండో వంతు. ఆ పదవికి కొత్త చట్టం కింద మరో విడత పోటీ వానలు మొదలవ్వగానే జరుగుతుందని చాటించాడు. దానితోపాటు ఒక శిక్షణ శిబిరం కూడా తెరిచాడు.

బొంతమ్మ శిబిరానికి వెళ్లింది. "నాకు దుంగలెత్తడం వచ్చు. ఇంకాస్త పెరగాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"పెరగడమా? ఏ కాలంలో ఉన్నావమ్మా?" అన్నాడు లింగమూర్తి. "బలం పెంచాలంటే ఏళ్లు పడుతుంది. ఒళ్లు తగ్గించాలంటే తిండి మానేస్తే చాలు. లెక్కలో రెండూ ఒకటే. పైన అంకె పెంచలేనప్పుడు కింద అంకె కోసెయ్యాలి."

"తినకపోతే దుంగెలా లేస్తుందండీ?"

"దుంగ కొంచెం తగ్గుతుంది, నువ్వు ఇంకొంచెం ఎక్కువ తగ్గు. రెట్టు పెరుగుతుంది."

బొంతమ్మకి ఇది ఎక్కడో తేడాగా అనిపించింది. కానీ పక్కన చూస్తే అడవి మొత్తం అదే పనిలో ఉంది. కుందేళ్లు బొచ్చు గీయించుకుంటున్నాయి. జింకలు కొమ్ములు రాలే రోజు కోసం ఎదురుచూస్తున్నాయి. నెమళ్లు ఈకలు పీకేసుకుని సిగ్గుతో పొదల్లో దాక్కున్నాయి. మంగపతి సైతం పరువు నిలబెట్టుకోవాలని వెదురు మానేసి గాలి పీలుస్తున్నాడు. అందరూ చేస్తున్నప్పుడు తనొక్కతే తింటూ కూర్చోవడం ఎలా? చెదలపుట్ట పక్కనుంచి వెళ్లేటప్పుడు మొహం తిప్పుకోవడం మొదలెట్టింది.

"వదినా, ఒళ్లు బాలేదా? డొక్కలు కనపడుతున్నాయి" అంది సూరమ్మ.

"డొక్కలు కావవి. క్రమశిక్షణ" అంది బొంతమ్మ. ఆ మాట అనేసరికే ఆయాసం వచ్చింది.

"నా ముళ్లు కూడా తీసెయ్యమన్నాడు ఆ లింగమూర్తి. తీసేస్తే నేనెవరినయ్యా అన్నాను. తేలికైనదానివి అన్నాడు" అని సూరమ్మ నవ్వింది. బొంతమ్మకి నవ్వే ఓపిక లేదు.

పోటీ వచ్చింది. బొంతమ్మ ముందురోజు నుంచీ నీళ్లు కూడా ముట్టలేదు. పాత రోజుల్లో కాలితో పక్కకి తన్నేసే దుంగ ఒకటి ఎంచుకుంది. దాన్ని ఎత్తేటప్పుడు కళ్లు చీకట్లు కమ్మాయి. కానీ తక్కెడలో ఆమె ఎంత తేలిపోయిందంటే, లెక్క వెయ్యగానే ఆమె పాత రికార్డు బద్దలైంది. ఆమె జీవితంలో అంత చిన్న దుంగకి అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. ఉపబలశాలి బొంతమ్మకి జై అన్నారు. ఉప్పునేల దగ్గర రెండో వంతులో నిలబడి ఉప్పు నాకింది. నాలుక ఎండిపోయి ఉందేమో, ఉప్పు మంట పుట్టింది. బాగుందనే అనుకుంది.

ఆ వారమే అసలు వాన దిగింది.

మధ్యాహ్నం పెద్ద గాలి. వాగు దారి పక్కనున్న మద్దిచెట్టు వేళ్లతో సహా కూలి, దారికీ, సరిగ్గా సూరమ్మ కలుగు నోటికీ అడ్డంగా పడింది. వెనకవైపు దారి మట్టి జారి ఎప్పుడో మూసుకుపోయింది. పైనుంచి వాన నీరు కలుగులోకి దిగుతోంది.

బొంతమ్మ పరుగెత్తుకొచ్చింది. మాను కింద సందులోంచి సూరమ్మ గొంతు వినపడింది.

"వదినా! నీళ్లు పొట్టదాకా వచ్చాయే!"

"వస్తున్నా, భయపడకు!"

మానుని చూసింది. నిరుడైతే ఇలాంటిది ఒక కొస లేపి పక్కకి నెట్టేసేది. వంగింది, పట్టుకుంది, నడుం బిగించింది, కాళ్లతో తొక్కింది. కాళ్లు వణికాయి గానీ మాను కదల్లేదు. ఇంకోసారి లాగింది. వెనక్కి బురదలో పడింది. అలా పడి ఉండగా ఆమెకి మొదటిసారి భయం వేసింది. ఓడిపోయినప్పుడు వేసే బాధ కాదది. లోపల ఒక ప్రాణం పిలుస్తుంటే తన చేతుల్లో ఏమీ లేదని తెలిసినప్పుడు వేసే భయం.

"బాబాయ్! మంగపతి బాబాయ్!" అని అరిచింది.

మంగపతి వచ్చాడు. చర్మం వేలాడుతోంది. తొండం చుట్టి లాగాడు. మాను కాస్త మూలిగింది, అంతే.

ఈలోగా ఆకు గొడుగు పట్టుకుని లింగమూర్తి వచ్చాడు. ఆయన అరచేతిలో ఉండలరావు కూర్చుని ఉన్నాడు.

"ఆగండి! కూలిన చెట్టు ఎత్తే అధికారం బలశాలిగారిది. వారు ప్రారంభించకుండా ఎవరూ ముట్టకూడదు" అని ఉండలరావుని నేల మీద దించాడు.

ఉండలరావు మానుని పైనుంచి కిందిదాకా చూశాడు. చూడటానికే చాలాసేపు పట్టింది. పక్కన రాలిన చిన్న బెరడు ముక్క కిందకి దూరి లేపాడు.

"బలశాలిగారు తన ఒంటికి ఎన్నో రెట్లు ఎత్తారు! పని ప్రారంభమైంది!" అన్నాడు లింగమూర్తి.

"నీళ్లు మెడదాకా వచ్చాయి!" అని లోపలి నుంచి కేక.

బొంతమ్మ బురదలోంచి లేచింది. "కార్యదర్శిగారూ, తప్పుకోండి. బాబాయ్, నువ్వు మొదలు పట్టుకో. జింకలూ, కుందేళ్లూ, అందరూ ఇటు రండి. మానుకి దగ్గరగా నిలబడండి. నడుం వంచకండి. ఊపిరి బిగించి కాళ్లతో తొక్కండి. నేను అనగానే!"

లింగమూర్తి తప్పుకోలేదు. ఎంత ఎత్తు లేస్తుందో కొలవాలని మాను మీదెక్కి కూర్చున్నాడు.

"ఇప్పుడు!"

బోడి కుందేళ్లు, కొమ్ముల్లేని జింకలు, ఎముకల ఏనుగు, బక్క ఎలుగు అందరూ కలిసి ఒక్కసారి తొక్కారు. మాను లేచింది. జానెడే లేచింది. ఆ సందులోంచి సూరమ్మ బయటికి దూసుకొచ్చింది. మాను ఊగడంతో జారిన లింగమూర్తి సరిగ్గా ఆమె మీద కూర్చున్నాడు. ఆయన అరుపుకి వాన కూడా కాసేపు ఆగినట్టైంది.

బొంతమ్మ సూరమ్మని దగ్గరికి తీసుకోబోయి, ముళ్లు గుచ్చుకుని వెనక్కి తగ్గి, మళ్లీ దగ్గరికి తీసుకుంది. ఇద్దరూ తడిసి ముద్దై, ఏడుస్తూ నవ్వారు.

మర్నాడు సభ కూడింది. లింగమూర్తి నిలబడే మాట్లాడాడు. కూర్చునే పరిస్థితి లేదు.

"నిన్నటి ఎత్తుడు మీద విచారణ పూర్తయింది. మాను బరువుని ఎత్తినవాళ్లందరి బరువుతో భాగించాం. ఏనుగు కూడా ఉండటం వల్ల మొత్తం రెట్టు అర కూడా రాలేదు. ఈ అడవి చరిత్రలో ఇంత బలహీనమైన ప్రదర్శన లేదు. బొంతమ్మగారి పదవి రద్దు చేస్తున్నాం."

"కింద సూరమ్మ ఉందిగా? ఆవిడ లెక్కలోకి రాదా?" అని అడిగాడు మంగపతి.

"ఆవిడ మాను కింద ఉంది, మాను మీద లేదు. కింద ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. మాను మీద నేనున్నాను కాబట్టి నా బరువు మాత్రం మాను బరువులో కలిపాం."

బెరడు ముక్క లేపి సహాయక చర్యలు ప్రారంభించినందుకు ఉండలరావుగారికి సన్మానం ప్రకటించారు. ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలి, "నాకు మా ఉండలే బాగుండేవండీ" అన్నాడు. వినయం అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

బొంతమ్మ సభ పూర్తయ్యేదాకా ఉండలేదు. తిన్నగా చెదలపుట్ట దగ్గరికి వెళ్లి, మూతి లోపలికి పెట్టి, ఎవరి లెక్కా లేకుండా తింది. సాయంత్రానికి మంగపతి కూడా వెదుళ్లలో కనపడ్డాడు.

మద్ది మాను ఇప్పటికీ దారి మీదే ఉంది. బలశాలిగారు రోజూ దాన్ని పరిశీలిస్తున్నారు. జంతువులు చుట్టూ తిరిగి వాగుకి పోతుంటే, కాళ్లకి వ్యాయామం అవుతోందని సభ దాన్ని కూడా తన విజయాల్లో చేర్చుకుంది.

నీతి: బరువు ఎత్తడం చేతకాకపోతే ఒళ్లు తగ్గించుకోండి, అదీ చేతకాకపోతే లెక్కలు కట్టే పదవిలో చేరండి.