'పొగ' చేర్చి చదువుకోవాలి

వాతావరణ కేంద్రం వాళ్ళు బోర్డు మీద 'సముద్రంపై ఓ మోస్తరు మంచు' అని రాయడం వల్ల, మంగళవారం తెల్లారేసరికి దిబ్బలరేవు సముద్రం ఓ మోస్తరుగా గడ్డకట్టింది. వాళ్ళ ఉద్దేశం పొగమంచే. పుష్యమాసంలో అందరూ దాన్ని మంచనే అంటారు. కానీ సముద్రానికి ఉద్దేశాలతో పనిలేదు. రోజూ ఒక అల ఒడ్డెక్కి, బోర్డు చదివి, వెనక్కి పోతుంది. రాసింది రాసినట్టు సముద్రం అమలు చేస్తుంది. ఎప్పటినుంచో అదే పద్ధతి. అందుకే ఆ కేంద్రం జోస్యం ఏనాడూ తప్పలేదు. గోడ నిండా ప్రశంసాపత్రాలే.

అంతకుముందే వేటకెళ్ళిన ఎర్రన్న పడవ మంచులో ఇరుక్కుంది. లుంగీ చెవులదాకా కప్పుకుని వణుకుతూ ఒడ్డుకి కనిపిస్తూనే ఉన్నాడు. మంచు ఓ మోస్తరుది కాబట్టి పడవ కదలదు, దిగి నడిస్తే మనిషి బరువు మోయదు.

అతని పెళ్ళాం దానమ్మ కేంద్రానికి పోయింది. "బావూ, ఆ మంచు ముందర 'పొగ' అని రెండచ్చరాలెట్టు. మా మావ ఇంటికొచ్చేత్తాడు."

అధికారి పరాంకుశం గారు కిటికీలోంచి చూపించారు. "తప్పుంటే దిద్దుతామమ్మా. తప్పెక్కడుంది? మంచన్నాం. అదుగో మంచు."

"నువ్వు రాసింది ఆ మంచు కాదు గదా!"

"నీకు చదువొచ్చా?"

"నాకు రాదు. సముద్రానికొచ్చు. అదే కొంప ముంచింది."

రేవు రేవంతా వచ్చి వలలు పరుచుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మధ్యాహ్నానికి సవరణ వెలువడింది: 'పై ప్రకటనకు పొగ చేర్చి చదువుకోవాలి.' బోర్డు చదవడం కోసమని సముద్రం ఒక్క అలను మాత్రం గడ్డకట్టనివ్వకుండా ఉంచుకుంది. ఆ అల వచ్చి చదివింది. సముద్రం చేర్చింది. మంచు మంచుగానే ఉంది, దాని మీద నల్లటి పొగ లేచింది. ఎర్రన్న కనిపించడం మానేశాడు.

"మా మావేడి బావూ?"

"నువ్వే చూపించాలమ్మా. కనిపించనివాణ్ణి ఇరుక్కున్నాడని ఎలా రాయను?"

పొగలోంచి ఎర్రన్న కేకేశాడు. "ఒలే దానీ! పొగెట్టారు గానీ మంటెట్టలేదే! సలికి సచ్చిపోతన్నాను!"

"ఇన్నావా బావూ?"

"విన్నాను. వినడం మా శాఖ కాదు."

మర్నాడు బోర్డు మీద కొత్త ప్రకటన ఉంది. అల దాన్ని తీరిగ్గా చదివి వెనక్కి పోయింది. ఆ తర్వాత ఎర్రన్న కేక మళ్ళీ వినిపించలేదు.

"ఏటి రాసుందే?" దానమ్మ పక్కింటి నూకాలుని అడిగింది.

"సముద్రం పెశాంతంగా ఉందంట. రేవులో ఏ అలజడీ నేదంట."

"మరి మా మావ?"

నూకాలు బోర్డంతా ఇంకోసారి చదివింది. "ఇందులో అన్న పేరు నేదొదినా."

చుట్టూ ఉన్నవాళ్ళు వలలు దులుపుకుని లేచారు. దానమ్మ గుండెలు బాదుకోబోయి, బోర్డు వైపు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా ఏడ్చింది.