గంటన్నర దూరం

విమానాశ్రయం లేని సోమవరానికీ, విమానాశ్రయం లేని బేలగూడకీ మధ్య విమాన ప్రయాణం గంటన్నరేనని దూరాల శాఖ తేల్చిన నాటి నుంచి, ఈ ఊళ్లో బయల్దేరిన ప్రతివాళ్లూ గంటన్నరకల్లా ఆ ఊళ్లో దిగిపోయినట్టే లెక్క. ఏ బండెక్కి వెళ్తారన్నది వాళ్ల సొంత విషయం.

సోమవరం హాస్టల్లో వంట చేసే నూకరత్నం ఆ పొద్దున బస్సెక్కింది. బేలగూడలో ఉంటున్న చెల్లెలు పైడమ్మకి నెలలు నిండాయి. చెల్లెలి మొగుడు ఓడలో పనిమీద ఎక్కడో సముద్రం మీదున్నాడు. నొప్పులొచ్చే వేళకి పక్కనుంటానని నూకరత్నం మాటిచ్చింది.

ఘాట్ రోడ్డు దిగకముందే గంటన్నర అయిపోయింది. కండక్టరు లేచి, అందరూ చేరిపోయారు కాబట్టి సీట్లు ఖాళీ చెయ్యమన్నాడు. చేరినవాళ్లు కూర్చోవడం కుదరదు. జనం లేచి, ఎవరి సీటు పక్కన వాళ్లు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఒక పెద్దాయనకి కళ్లు తిరిగితే కిటికీ తెరిచారు గానీ, కూర్చోమని ఎవరూ అనలేదు.

నూకరత్నానికి కాలు ఒకచోట నిలవలేదు. సీట్ల మధ్య ముందుకీ వెనక్కీ తిరిగింది. డ్రైవరు దగ్గరికి వెళ్లి ఇంకెంత దూరమని అడిగింది. ఇంకా దూరమేంటమ్మా, వచ్చేశాం కదా అని అతను గేరు మార్చాడు.

మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. నొప్పులు మొదలయ్యాయి. తోడొచ్చిన పక్కింటావిడని ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపేశారట. తోడు ఒక్కరే ఉండాలి, అక్కగారు వచ్చేశారు కదా అన్నారట.

"అప్పా, నువ్వొచ్చీసినావంతన్నారు. ఏ వార్డులో ఉన్నావు?"

"ఇంకా దార్లోనే ఉన్నానమ్మా."

"గంటన్నరకి దారెక్కడుంటాదప్పా?" అంది పైడమ్మ. అవతల ఎవరో ఫోన్ పెట్టెయ్యమంటున్నారు.

నూకరత్నం ఆస్పత్రికే ఫోన్ చేసి, పక్కింటావిడని మళ్లీ పిలిపించమని బతిమాలింది. నర్సు మర్యాదగానే విన్నది. మీరిక్కడ ఉండగా ఇంకొకర్ని ఎలా పిలుస్తామండీ అంది.

బేలగూడ చేరేసరికి మర్నాడు తెల్లారింది. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. నూకరత్నం నిన్నటి నుంచీ లోపలే ఉంది, ఇంకో నూకరత్నాన్ని పంపడం వీలుకాదన్నాడు. ఆమె బస్సు టికెట్టు చూపించింది. వాచిన కాళ్లు చూపించింది. అతను టికెట్టు చూసి, ఇది నిన్నటిదని తిరిగిచ్చేశాడు. చెడ్డవాడేం కాదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చాయ్‌కి బయటికొచ్చిన అని చెప్పు అక్కా. అట్లయితే పంపుతా."

నూకరత్నం టికెట్టు మడిచి కొంగున ముడేసుకుంది.

"టీకి బయటికొచ్చినాను," అంది.

అతను గేటు తీశాడు.

పైడమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన గుడ్డలో చుట్టిన ఆడపిల్ల. నొప్పుల్లో పట్టుకోడానికి మనిషి లేక పైడమ్మ మంచం చువ్వనే పట్టుకున్నట్టుంది, అరచెయ్యి కమిలిపోయింది. నూకరత్నం ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. పైడమ్మ లాక్కోలేదు.

"సరిగ్గా నొప్పులొచ్చినప్పుడే బయటికెళ్లిపోవాలా అప్పా?" అంది.

నూకరత్నం బస్సు సంగతి చెప్పబోయి తలెత్తింది. వార్డులో ప్రతి మంచం పక్కనా తోడొచ్చినవాళ్లు వాచిన కాళ్లతో, తల వంచుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు.

"టీ కొట్టు కాడ జనం ఎక్కువున్నారమ్మా," అంది. "లేటైపోనాది."