చినత్సు ఓబీ పట్టుకొచ్చిన పెద్దమ్మలు

ఆదివారం పొద్దున చినత్సు ప్లాన్ చాలా సింపుల్. కిమోనో కట్టుకోవాలి, బస్సెక్కాలి, కాబోయే అత్తగారు మినెకో ఇంట్లో టీ తాగి "పిల్ల బాగుంది" అనిపించుకోవాలి. అంతే! కానీ పెళ్లికొడుకు సోసుకే ముందే హడలగొట్టి పెట్టాడు. "మా అమ్మ మొహం చూడదు, నడుం చూస్తుంది. ఓబీ వంకరగా కట్టిందని అన్నయ్య తెచ్చిన పిల్లకి రెండో కప్పు టీ పొయ్యలేదు. ఆ సంబంధం అక్కడితో సరి."

అందుకే బారలకొద్దీ ఉన్న ఆ ఓబీ అనే పట్టు నడుం పట్టీని వీడియో చూస్తూ, ఆపుతూ, తిట్టుకుంటూ నడుముకి చుట్టి, వీపు మీద డోలు ముడి వేసేసరికి చినత్సుకి చెమటలు పట్టాయి. అద్దంలో బానే ఉంది. అద్దాన్ని నమ్మి బస్సెక్కింది.

కూర్చోబోతుంటే వెనక నించి ఊదారంగు గొడుగుతో ఓ పెద్దావిడ లేచింది. "ఏమీ అనుకోకమ్మా, ముడి జారింది. కదలకు."

పెద్దావిడని వద్దనడం ఎలా? "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అంది చినత్సు. ఆ మర్యాదే కొంప ముంచింది. "శ్రమేముంది" అంటూ ఆవిడ తాడు లాగింది. డోలు కాస్తా చప్పున కూలింది.

"పెళ్లికాని పిల్లకి డోలు ముడేంటి, చోద్యం కాకపోతే!" సంచి నిండా ఉల్లికాడలతో ఇంకొకావిడ రంగంలోకి దిగింది. "పిచ్చుక ముడి వెయ్యాలి!"

"మీ కాలం పిచ్చుకలు ఎప్పుడో ఎగిరిపోయాయి లెండి," అంది గొడుగావిడ.

"మీరేదో నిన్న పుట్టినట్టు!"

ఈ రభసలో ఓబీ బస్సంతా పరుచుకుంది. నడవ ఖాళీ చెయ్యమని డ్రైవర్ మైకులో వినయంగా వేడుకున్నాడు. ముగ్గురూ దిగి ఎదురుగా ఉన్న మిఠాయి కొట్లో దూరితే, కొట్టావిడ ఒక్క చూపు చూసి "ఇద్దరిదీ తప్పే" అని చేతులు కడుక్కుని వచ్చింది. ఒకరు కట్టడం, ఇద్దరు విప్పడం.

"అత్తగారింటికి టైమైపోతోందండీ!" చినత్సు మొత్తుకుంది.

"దానికేం, మేమూ వస్తాం. నడుస్తూ కడతాం."

అలా ముందు చినత్సు, వెనక ఓబీ కొస, కొస పట్టుకుని ముగ్గురు ఆడవాళ్లు మినెకో గుమ్మం ముందు తేలారు. తలుపు తీసిన మినెకో మొహంలో రంగు పోయింది. "ఓహో... అమ్మాయి పెద్దమ్మలు కూడా వచ్చారా! రండి, రండి."

కాదంటే ఆవిడకి అవమానం. చినత్సు నోరు మూసుకుంది. వాళ్లు మాత్రం నిక్షేపంగా పెద్దల స్థానంలో కూర్చుని "పిల్ల బంగారం, ఎంత ఓర్పో!" అని పొగుడుతున్నారు.

"నీకు పెద్దమ్మలు లేరన్నావుగా?" గొణిగాడు సోసుకే.

"పొద్దున లేరు."

మినెకో టీ పోస్తూ ఎవరికీ వీపు చూపించకుండా పీతలా పక్కకి నడుస్తోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తిరిగింది. మిఠాయి కొట్టావిడ చెయ్యి ఊరుకుంటుందా? "వదినగారూ, ఇక్కడేదో దారం..." అని లాగింది. ముడి మొత్తం, తీగ కొక్కెంతో సహా, ఊడి చేతిలోకొచ్చింది. తగిలించుకునే రెడీమేడ్ ఓబీ!



"నాకు కట్టడం రాదు," అంది మినెకో, చాప మీద కూలబడి. "పెళ్లైనప్పట్నించీ ఇదే తగిలిస్తున్నా. నా వీపు మీద ముడి ఎవరైనా చూస్తారని, ముందే వాళ్ల నడుంకి వంకలు పెట్టేదాన్ని. ఇవాళ ముగ్గురు పెద్దమ్మల్ని చూసేసరికి నా ప్రాణం పోయింది."

చినత్సు నడుం మీద సగం పిచ్చుక, సగం డోలు వేలాడుతున్నాయి. ఆశగా ముందుకి జరిగింది. "అత్తయ్యగారూ, అది... ఎక్కడ కొన్నారు?"

మినెకో ఆమెని కిందనించి పైదాకా చూసి, కెటిల్ అందుకుని, రెండో కప్పు టీ నిండా పోసింది.

పెళ్లిలో ఆ ముగ్గురూ అమ్మాయి తరఫున ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్ల పేర్లేంటో అడగడానికి ఇప్పటికీ అందరికీ మొహమాటమే.