నూటికి ఆరు

కొత్త జిల్లా చెట్టులోకి మనుషులను ఎక్కిస్తున్నారనీ, మంగళవారం తమ వీధి వంతనీ కబురు వచ్చేనాటికి బెల్లం వర్తకుడు భీమరశెట్టి వరహాలు చేతిలో ఉన్నవి ఇవి: మార్కెట్ యార్డు ఎదుట ఒక కొట్టు, మాట తప్పడన్న పేరు, ఇంకా అలసిపోని నడుము, నూకరత్నం అనే భార్య, ఆమె మీద నూటికి తొంభై పాళ్ల ప్రేమ. ఆఖరిది పాత జిల్లా కంప్యూటరులోనూ అలాగే నమోదై ఉండేది.

జిల్లా రెండుగా చీలినప్పుడు బల్లలూ బీరువాలూ పంచుకున్నట్టే జనాన్నీ పంచుకున్నారు. ఎవరు ఎంత ఉప్పు తింటారు, దేనికి కోప్పడతారు, ఎవరిని ఎంత ప్రేమిస్తారు, ఇలాంటి సెట్టింగులన్నిటినీ ఒకే వరుసగా కూర్చి, చాపలా చుట్టి కొత్త జిల్లాకు పంపారు. అక్కడ ఆ చుట్ట విప్పి మళ్లీ చెట్టుగా పరచాలి. జిల్లా మొదలు, మండలం కొమ్మ, వీధి రెమ్మ, మనిషి ఆకు. కొత్త చెట్టు గుర్తుపట్టని సెట్టింగు రాలిపోతుంది. చుట్టలో లేనిది పై కొమ్మ నుంచి దిగుతుంది. ఆ లెక్కన ఒక వీధి వీధంతటికీ మండలాధికారి మోకాలి నొప్పి దిగింది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. తైలం అమ్మేవాళ్లు ఒకరిద్దరు బాగుపడ్డారు.

వరహాలు వీధి చుట్ట విప్పుతుంటే సరిగ్గా ప్రేమల దగ్గర చిరిగింది. అందుకని ఆ వీధివాళ్లు స్వయంగా వచ్చి, ఎవరి ప్రేమ ఎంతో నోటితో చెప్పాలన్నారు. చెప్పిందే ఎక్కుతుంది.

పక్క కొట్టు సత్తిబాబు ముందురోజే హెచ్చరించాడు.

“బావా, సర్కారోడు ఊరికే అడుగుతాడేటి? గోదాంలో సరుకెంతుందని అడిగినోడు, ఆనక ఏటి సేసేడు?”

“పన్నేసేడు.”

“మరింకేటి! నోరు జాగర్త.”

యార్డులో పుట్టి పెరిగిన వర్తకుడెవడూ అధికారికి ఉన్న సరుకంతా చూపించడు. అలాగని ఏమీ లేదనీ అనడు, అంటే సోదాకొస్తారు. పేరుకి కాస్త చూపిస్తాడు. వరహాలు రాత్రంతా లెక్క వేసుకున్నాడు. కోపం మీదా నిద్ర మీదా ఏ ప్రభుత్వమూ కన్నెయ్యదు. తన దగ్గర కన్ను పడేంత నిలవ ఉన్నది ఒక్కటే.

కౌంటరు దగ్గర ఆపరేటరు సుహాసిని తల ఎత్తకుండానే అడిగింది.

“భార్య మీద ప్రేమ ఎంతండీ?”

“ఏటుంటాదమ్మా, పెళ్లయి పాతికేళ్లయింది. ఓ ఆరు ఎయ్యి.”

“నూటికి ఆరేనా? జిల్లా సగటు నలభై ఉంది. ఏమీ చెప్పకపోతే అదే దిగుద్ది.”

నలభై అంటే మరీ కంటికి ఆనుతుంది. “ఒద్దొద్దు. ఆరే. అంతకన్నా సరుకు లేదు.”

ఆమె మీట నొక్కింది. వరహాలుకు చిన్న దగ్గు వచ్చి పోయింది. వెళ్లబోతూ, దీని మీద పన్ను ఎంత వేస్తారని అడిగాడు.

“పన్నేంటండీ? అలాంటిదేం లేదు.”

అయ్యో అనుకున్నాడు. ఆ అయ్యో కూడా ఆరు పాళ్లే వచ్చింది.

రోజూ పొద్దున్నే రైతుల బళ్లు దిగగానే, మొదటి బెల్లం దిమ్మ అంచు విరిచి, సందు దాటి ఇంటికి పరుగెత్తి ఆ ముక్కను నూకరత్నం నోట్లో పెట్టడం వరహాలుకు అలవాటు. చౌడు నేల చెరకైతే ఆమె నాలుక ఉప్పదనం పట్టేసేది. ఆమె ఊ అంటేనే బేరం. యార్డంతా నవ్వినా అతను మానలేదు. బుధవారం పొద్దున వెళ్లలేదు. ఆమే కొట్టుకు వచ్చింది.

“ఏటి మావా, ముక్క తేలేదు?”

“రంగు బాగుంది. కొనీసేను.”

“రంగు సూసి నువ్వు కొన్నావా?”

“నీ నోట్లో ఎట్టాలంటే ఇంటిదాకా రావాల కదే.”

“ఇల్లేటి, రాత్రికి రాత్రి జరిగిపోయిందేటి?” అని నవ్వబోయి ఆగింది. అతని మొహం చూసింది. “నిన్న అక్కడ ఎంత సెప్పేవు?”

“ఆరు.”

“నూటికా?”

“నూటికే.”

తనవంతుకి ఆమె తొంభై నాలుగు అని ఉన్నదున్నట్టు చెప్పి వచ్చింది. దాచుకోవాలని ఆమెకు తోచనే లేదు. అతని చెయ్యి పట్టుకుని తిన్నగా ఆఫీసుకు లాక్కుపోయింది.

“పెంచుకోవాలంటే ఆయనకి ఆ కోరిక కనీసం యాభై ఉండాలండీ,” అంది సుహాసిని. “ఆ కోరికని ప్రేమలోంచే లెక్కకడతాం. ఈయనకి ఆరే చూపిస్తోంది.”

“నా దాంట్లోంచి తీసి ఎయ్యమ్మా. నాకు బోలెడుంది.”

“పక్క ఆకులోంచి తియ్యడం కుదరదండీ.”

“పోనీ ఆయన ఆరూ సెరిపీ. నిన్న నాకు సెప్పేవు కదా, ఆ జిల్లా నలభయ్యయినా దిగుతాది.”

“అదీ ఆయనే గట్టిగా కోరాలండీ.”

నూకరత్నం అతని వైపు తిరిగింది. “అడుగు మావా. ఒక్కసారి గట్టిగా అడుగు.”

వరహాలు నిజంగానే ప్రయత్నించాడు. నోరు తెరిచాడు. అంతలో కిటికీలోంచి మబ్బు కనబడింది.

“వానొచ్చీలాగుంది,” అన్నాడు. “దిమ్మలు తడిసిపోతాయే.”

వాన వచ్చింది. నూకరత్నం బల్ల మీద కూర్చుని అది వెలిసేదాకా చూసింది. తర్వాత లేచి కౌంటరు దగ్గరికి వెళ్లింది.

“తగ్గించుకోడానికేటి రూలు?”

“దానికి రూలేం లేదండీ. ఇప్పుడే అయిపోద్ది. కానీ మళ్లీ పెరగదు, ఆలోచించుకోండి.”

“తొంభై నాలుగు ఎట్టుకుని ఆ ఇంట్లో ఎలగుంటానమ్మా? నాదీ ఆరు సేసీ.”

సుహాసిని మొదటిసారి తల ఎత్తింది. తర్వాత మీట నొక్కింది. నూకరత్నానికి చిన్న దగ్గు వచ్చి పోయింది. పైట సర్దుకుని, “ఎల్దారేటి?” అంది.

“ఎల్దాం,” అన్నాడు వరహాలు.

తర్వాత చాలా వీధుల చుట్టలు ప్రేమల దగ్గరే చిరిగాయి, అక్కడివాళ్లూ సత్తిబాబు మాటే విన్నారు. జిల్లా సగటు నలభై నుంచి తొమ్మిదికి పడింది. కొత్తగా పెళ్లయినవాళ్లు ఏమీ చెప్పకపోతే ఇప్పుడు ఆ తొమ్మిదే దిగుతోంది. వాళ్లూ వేళకు వండుకుంటున్నారు, వేళకు తింటున్నారు, పెద్దలు కనబడితే దండం పెడుతున్నారు.

బెల్లం రోజులు అయిపోయాక వరహాలు తీరిగ్గా కూర్చుని లెక్క చూసుకున్నాడు. పొద్దుటి పరుగు తగ్గి మోకాళ్లు మిగిలాయి. ఇంట్లో పోట్లాట అన్నది లేదు. సర్దుకుపోయే జంట అని వీధిలో పేరొచ్చింది. రంగు చూసి కొన్న బెల్లాన్ని రంగు చూసే కొనుక్కుపోయారు, ఒక్కరూ తిరిగి తేలేదు. ఇక నష్టం వైపు ఏముందా అని చాలాసేపు వెతికి, భార్యను పిలిచాడు.

“ఏమే, మనకేటైనా పోయిందేటే?”

నూకరత్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ కాస్త ఆలోచించింది.

“ఏటో మరి. పోతే తెలీదేటి?”

అదీ నిజమే అనిపించింది అతనికి. నష్టం ఏమీ తేలలేదు కాబట్టి ఉన్నదంతా లాభం కిందే కట్టాడు.