ఫిర్యాదుల్లేని దీవి

"ఈ క్షణం నుంచి రూమాత్ దీవి సముద్రంలో లేదు. అంతరిక్షంలో ఉంది!" అని మా జిల్లాను ఏలే బుపాతి గారు ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. కాళ్ళ కింద ఇసక తడిగానే తగిలింది గానీ, ఆ మాట అనడానికి అది సమయం కాదు.

ఆయన వెనక ఆరోగ్య కేంద్రం కప్పు మీద తెల్లటి డిష్ ఆకాశంకేసి నోరు తెరుచుకుని ఉంది. ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ నేరుగా అందులోకి దిగుతుందట. గ్రామ కార్యదర్శిని కాబట్టి నాకు పాస్‌వర్డ్ రాసిన కాగితం, దాన్ని ఎవరికీ చూపించొద్దనే ఉత్తర్వు, రెండూ అందాయి.

సభలో ఒక్క చినుకు పడలేదు. పడనిస్తారా? ఆనవాయితీ ప్రకారం వాన కట్టేసే తెతె లుకాస్‌ను బుపాతి గారు వెంట తెచ్చుకున్నారు. ఆ ముసలాయన వేదిక వెనక ఎండుమిరపకాయలు గుచ్చిన పుల్ల పాతి, చుట్ట కాలుస్తూ మబ్బుల్ని గద్దించాడు. పట్నంలో ఉన్న డాక్టరు గారు తెర మీద ప్రత్యక్షమై "వినబడుతోందా?" అన్నారు. "వినబడుతోంది!" అని ఊరంతా అరిచింది. ఆ అరుపు డిష్ లేకపోయినా పట్నానికి వినబడేదే.

"డాక్టరే మీ ఇంటికి దిగొస్తుంటే ఇంకా ఆస్పత్రి పడవ దేనికయ్యా? దండగ!" అని బుపాతి గారు అక్కడికక్కడే పొదుపు చేశారు. షామియానా, కుర్చీలు, తెతె లుకాస్‌తో పాటు మా పడవ కూడా పట్నం వెళ్ళిపోయింది.

అంతకుముందు బుపాతి గారు పడవెక్కబోతుంటే మా నర్సు ఇబు మార్సెలినా అడ్డం వచ్చింది; మా వైపు ఇబు అంటే అమ్మ, బాపా అంటే అయ్యా. ఆమెకు భయభక్తులు రెండూ తక్కువ.

"బాపా, మా ఊరి యుస్తినాకి జనవరిలో నెలలు నిండుతాయి. తొలికాన్పే ఆపరేషను. ఈసారీ కొయ్యాల్సిందే. పడమటి గాలి మొదలైతే మా చేపల దోనెలు ఆ సముద్రం దాటలేవు. పెద్ద పడవ ఉండాలి."

"డాక్టరు ఉన్నాడుగా ఇబు!"

"తెరలోంచి కత్తి అందిస్తాడా?"

"ఏ ఇబ్బంది ఉన్నా యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇరవై నాలుగ్గంటల్లో పలుకుతాం," అన్నారు బుపాతి గారు. అంత ఓపిక ఉన్న నాయకుణ్ని నేను చూడలేదు.

నవంబరులో గాలి మళ్ళింది, వాన పట్టుకుంది. వాన పడితే డిష్ పడుకుంటుందని అప్పుడు తెలిసింది. ఫిర్యాదు పెడదామంటే యాప్‌కి ఇంటర్నెట్ కావాలి. వాన తెరిపిచ్చిన పూట యాప్ తెరిచాను. మొదటి ప్రశ్న: "మీ కనెక్షన్ ఇప్పుడు పనిచేస్తోందా?" నేను అబద్ధమాడే మనిషిని కాను. "అవును" నొక్కాను. "ధన్యవాదాలు. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది," అంది. నాలుగుసార్లు పరిష్కరించబడింది.

మరో తెరిపిలో ఇబు మార్సెలినా డాక్టరు గారిని తెర మీద పట్టుకుంది. ఆయన యుస్తినా కాగితాలన్నీ చూసి, చాలా శ్రద్ధగా, "ఆలస్యం చెయ్యొద్దమ్మా. వెంటనే పడవెక్కించి పట్నం తీసుకురండి," అన్నారు. ఏ పడవో చెప్పేలోగా చినుకులు మొదలయ్యాయి.

జనవరిలో శుభవార్త వచ్చింది. రాజధానిలో మా దీవికి బహుమతి ప్రకటించారట. దేశం మొత్తమ్మీద ఒక్క ఫిర్యాదూ నమోదు కాని ఉపగ్రహ కేంద్రం మాదేనట! ఆ బహుమతి ఫలకాన్ని స్వయంగా ఇవ్వడానికి బుపాతి గారు హోరువానలో పెద్ద పడవలో వచ్చారు. తెతె లుకాస్ మాత్రం రాలేదు. జనవరి తన పరిధిలోకి రాదన్నాడట.

అదే పొద్దున యుస్తినాకి నొప్పులు మొదలయ్యాయి.

గొడుగుల కింద బుపాతి గారి ఉపన్యాసం సాగుతోంది. "సాంకేతికత అంటే దూరాన్ని చంపడం..." అని ఆయన దూరాన్ని చంపుతుండగా, ఇబు మార్సెలినా నలుగురు మగాళ్ళ చేత యుస్తినాను మంచంతో సహా మోయించుకుని రేవుకి నడిచింది. పడవ సరంగు బుపాతి గారి వంక ఒకసారి, ఇబు వంక ఒకసారి చూశాడు. ఇబు వంక చూసినప్పుడే ఇంజను స్టార్ట్ చేశాడు.

"ఏయ్, నా పడవ!" అని బుపాతి గారు ఉపన్యాసం మధ్యలో అన్నారు. అదీ ఉపన్యాసంలో భాగమేననుకుని కొందరు చప్పట్లు కొట్టారు.

"ఇంకో పడవ పంపమని ఫోను కలుపు," అన్నారు నాతో.

"వాన, బాపా. డిష్ పడుకుంది. ఇక్కడ ఫోనుకీ అదే దిక్కు."

"ఎప్పటికి లేస్తుంది?"

"మొన్నటిది తొమ్మిది రోజులు, బాపా."

 ఆయన మా ఇంట్లో మూడు రోజులు కర్రపెండలం రొట్టె నమిలారు. ఫలకం వైపు మాత్రం వీపు పెట్టి కూర్చున్నారు.

నాలుగో రోజు ఎండ కాసింది. డిష్ లేచింది. ఆయన ఉగ్రరూపంతో యాప్ తెరిచారు. "మీ కనెక్షన్ ఇప్పుడు పనిచేస్తోందా?" చాలాసేపు ఆలోచించారు. ఫలకం వైపు తిరిగి ఒకసారి చూశారు. "అవును" నొక్కారు.

మధ్యాహ్నానికి పడవ తిరిగొచ్చింది. యుస్తినా దిగింది, చేతుల్లో ఆడపిల్ల. ఊరు ఊరంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇబు మార్సెలినా రేవులోనే బుపాతి గారిని ఆపింది.

"మార్చిలో ఇంకో ఇద్దరికి నెలలు నిండుతాయి బాపా. పడవ ఇక్కడే ఉంచండి. ఇప్పుడు మీకూ తెలిసిందిగా!"

బుపాతి గారి కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆమె చేతులు పట్టుకున్నారు.

"నాకు తెలియకేం ఇబు. కానీ ఫైల్లో ఏదో ఒక కారణం రాయాలి కదా. మీ దీవి నుంచి ఒక్క ఫిర్యాదైనా ఉంటే, రేపే పంపించేవాణ్ని."

అని పడవెక్కారు.