కడుగుపిండి

నురగ మూడో మెట్టు దిగింది.

మిల్లాయన ఆస్పత్రి వంటగది గుమ్మం ముందు గొడుగు మూయడం మర్చిపోయి దాన్నే చూస్తున్నాడు. తెల్లగా, మెత్తగా, ఏ తొందరా లేకుండా దిగుతోంది. లోపల పొయ్యిలన్నీ తడిసి ఆరిపోయాయి. ఎనభై మందికి జావ కాచే గంగాళం మాత్రం ఇంకా బుసబుసలాడుతూనే ఉంది. బయట సన్నటి వాన. పొద్దున్న ఏడున్నరకే లోకం సాయంత్రమైనట్టుంది.

"చూశావా మిల్లాయనా, నీ పిండి మహిమ!" వంటావిడ మోచేతుల దాకా నురగతో బయటికొచ్చింది. "ఉప్పు చూద్దామని గరిటెడు నోట్లో వేసుకున్నా. చేదు విషం! ఇప్పటికీ మాట్లాడితే బుడగలొస్తున్నాయి."

నిజంగానే ఒకటి వచ్చింది. ఇద్దరి మధ్యా కాసేపు తేలి, మిల్లాయన ముక్కు మీద పగిలింది.

"ఎవరైనా తాగారా?" అన్నాడు బలహీనంగా.

"పొంగకముందే ఒక బాల్చీ మగాళ్ళ వార్డుకి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరూ ఒక గుక్క తాగి ఊశారు. ఊస్తే నోటినిండా నురగ! చూడ్డానికొచ్చిన చుట్టాలు గొల్లుమన్నారు. పదిహేడో మంచం తాత నిక్షేపంలా ఉన్నాడు. వాళ్ళావిడ మాత్రం ఏడుపు ఆపట్లేదు. ఆయన లేచి కూర్చుని ఓదారుస్తున్నాడు."

మిల్లాయన వంగి నురగలో వేలు ముంచి వాసన చూశాడు. కుంకుడుకాయ. నిన్న రోజంతా ఆయన ముక్కులో ఉన్నది ఈ వాసనే.

ఆ కాయలు ఆయన బావమరిదివి. వీధిలో అందరూ వాణ్ణి 'ప్రాజెక్టు' అంటారు. వాడి పెరట్లో ఆరు కుంకుడుచెట్లున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని పిట్టలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. కిందటేడు ఉన్నట్టుండి వాడికి వాటిలో ఒక ఫ్యాక్టరీ కనపడింది. తలంటు పొడి, నగల మెరుగు, ఉన్ని బట్టల సబ్బునీళ్ళు, తోటలో పురుగు మందు... అక్కడితో ఆగితే వాడు ప్రాజెక్టు ఎందుకవుతాడు? "గింజలతో దండలు గుచ్చొచ్చు బావా. కాయ దంచి చెరువులో వేస్తే చేపలు మత్తెక్కి పైకి తేలతాయట. వల ఖర్చు కూడా లేదు!" అని అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా చెప్పేవాడు. ఆయన అన్నం చల్లారిపోయేది. చివరికి నోరు మూయించే దారి లేక, నిన్న పదకొండు బస్తాల కాయ మిల్లులో పట్టించి పొడి చేసి ఇచ్చాడు.

అయినా భయపడాల్సింది లేదు. ఆ మిల్లుకో కట్టుబాటుంది. కాయ పట్టాక, ధాన్యం పోసేముందు ఐదు కిలోల పాత గోధుమలు ఆడించి రాళ్ళకంటిన పొడినంతా తుడిచెయ్యాలి. ఆ వచ్చేదే కడుగుపిండి. దాన్ని ఇనప బకెట్లో పట్టి పెరటి గుంటలో పారబోస్తారు. ఆయన తండ్రి ఈ మాట గోడ మీద ఎర్ర రంగుతో రాయించి పోయాడు. నిన్న కూడా అలాగే జరిగింది. మరి ఈ నురగ ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఈ పిండి బస్తా మీదేనా?"

వెనక నుంచి వచ్చింది గొంతు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్. సన్నగా, పొడుగ్గా, గొడుగుకి బట్టలు తొడిగినట్టున్నాడు.

"కాదండీ," అన్నాడు మిల్లాయన, ఏమంటున్నాడో తనకే తెలియకుండా.

ఇన్‌స్పెక్టర్ బస్తాని బూటుతో తిప్పాడు. మిల్లు ముద్ర అరచేయంత ఉంది.

"మాదేనండీ. కానీ తప్పు మాది కాదు. మా బస్తా తూకం కూడా ఎప్పుడూ తగ్గదు సార్. మిల్లులో పిండి కొంత గాల్లో కలిసి తరుగుతుంది. ఆ తరుగు నా సొంత పిండితో నింపి మరీ పంపుతా. ఇరవై రెండేళ్ళుగా..."

"నేను తూకం అడిగానా?"

"లేదండీ."

"రెండే దార్లు. బయటివాళ్ళు కావాలని కలిపితే వాళ్ళ మీద కేసు. మీ అజాగ్రత్త అయితే మిల్లుకి సీలు. సీలు పడ్డ మిల్లుకి మళ్ళీ ధాన్యం తెచ్చినవాళ్ళని నా సర్వీసులో చూడలేదు. పదండి, మిల్లు చూద్దాం."

మిల్లాయన దారి చూపిస్తూ ముందు నడిచాడు. మిల్లు తప్ప ఆయనకి వేరే పని చేతకాదు. వేరే ఆస్తీ లేదు. సినిమాకి వెళ్ళినా చెవిలో మిల్లు చప్పుడు వినపడకపోతే నిద్రపోతాడు.

మిల్లు గుమ్మంలో భార్య ఎదురైంది. విషయం ఆమెకి అప్పటికే చేరింది. "ఏమండీ, నిన్న ఆ బకెట్టు..." అని మొదలుపెట్టింది.

"నువ్వు లోపలికెళ్ళు."

ఇన్‌స్పెక్టర్ సంచీలోంచి సీలు వేసే లక్క కడ్డీ, కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టాడు. కొవ్వొత్తి వెలిగించాడు కూడా. "కడుగుపిండి పట్టే బకెట్టు ఏదీ?"

మిల్లాయన దర్జాగా గోడవైపు చెయ్యి చూపించాడు. మేకు ఒంటరిగా ఉంది.

"అది... మా బావమరిది పట్టుకెళ్ళాడనుకుంటా. నిన్న మధ్యాహ్నం. నగల కొట్లో కుంకుడు రసం చూపిస్తానని..."

అంటుండగానే ఆయన బుర్రలో దీపం వెలిగింది. నిన్న పొడి బస్తాలు కట్టుకుంటూ వాడేమన్నాడు? 'ఇది ఒక్కసారి ఆస్పత్రిలోకి వెళ్ళిందంటే చాలు బావా, ఊరంతా మన పేరే!' వెళ్ళింది. ఊరంతా మోగుతోంది. ప్రచారం కోసం రోగుల జావలో కలిపాడన్నమాట, వెధవ!

"సార్, ఫిర్యాదు రాసిస్తా," అన్నాడు మిల్లాయన.

భార్య ముందుకొచ్చింది. "అది కాదండీ, నా మాట..."

"తమ్ముడని వెనకేసుకు రాకు!"

"తమ్ముడి సంగతి కాదండీ బాబూ, బకెట్టు..."

"బకెట్టు పట్టుకెళ్ళింది వాడే! అదీ రాస్తున్నా, ఉండు."

రాశాడు. తన బావమరిది కుట్రపూరితంగా, ప్రచార కాంక్షతో, అని రెండు పెద్ద మాటలు కూడా వేశాడు. సంతకం పెడుతుంటే ఏడాది బరువు దిగినట్టనిపించింది.

బయట స్కూటర్ ఆగింది. ప్రాజెక్టు దిగాడు. జుట్టు తడిసి ముద్దయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. హ్యాండిల్‌కి ఇనప బకెట్టు వేలాడుతోంది.

"బావా! ఆస్పత్రి నుంచే వస్తున్నా. ఏం నురగ బావా అది! మెట్లు దిగి రోడ్డు దాకా వచ్చింది!" ఇన్‌స్పెక్టర్ని చూసి చేతులు జోడించాడు. "ఆ నురగ నాదే సార్!"

ఇన్‌స్పెక్టర్ కలం తెరిచాడు. "ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకోకపోవడమేంటి సార్, గర్వంగా చెబుతున్నా. ఆరు చెట్లవి. ఆరు అని కూడా రాసుకోండి. రసాయనం చుక్క లేదు, అదీ రాయండి."

ఇన్‌స్పెక్టర్ రాస్తూనే ఉన్నాడు. అదేదో యోగ్యతాపత్రం అనుకుని ప్రాజెక్టు వంగి చూడబోయాడు. తర్వాత బావ వైపు తిరిగాడు. "ఆ గంగాళానికి పదకొండేళ్ళ మాడు ఉందట బావా. మొత్తం ఊడి మెరుస్తోంది! వంటావిడ అందులో మొహం చూసుకుని బొట్టు దిద్దుకుంది. మేట్రనమ్మ వెంటనే ఆర్డరు చెప్పేసింది. గిన్నెలకీ దుప్పట్లకీ నెలకి పది బస్తాలు!"

"ఆస్పత్రిలోకి వెళ్తే చాలన్నది... గిన్నెలు కడగడానికా?" అడిగాడు మిల్లాయన.

"మరి తాగడానికా? ఛీ, చేదు."

"ఇక్కడ సంతకం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పి పెడుతూ.

"తప్పకుండా సార్." ప్రాజెక్టు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "అన్నట్టు బావా, తూకం విషయం నీ మీద పెట్టేశా. మా బావ కాటా దగ్గరుంటే బస్తా తగ్గడమన్న మాటే లేదమ్మా, ముల్లు కొంచెం వెనకాడిందంటే నీలం మూత బకెట్లోంచి రెండు గిన్నెలు పోసి మరీ కుడతాడని మేట్రనమ్మకి చెప్పా."

మిల్లాయన కళ్ళు మెల్లగా కాటా పక్కకి తిరిగాయి. తరుగు నింపే పిండి ఉంచే నీలం మూత బకెట్టు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మూత మీద గిన్నె. గిన్నె అంచున పిండి. ఆ పిండి రోజూలా తెల్లగా లేదు. కాస్త గోధుమరంగు తిరిగి ఉంది.

భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆయనకి మాత్రమే వినపడేంత మెల్లగా అంది. "ఇందాకట్నుంచీ ఇదే చెబుదామంటే వినరే. ఇనప బకెట్టు కనపడక కడుగుపిండి నీలం దాంట్లో పట్టాను. అది ఖాళీ అయ్యుందిగా. గుంటలో పారబోయండి, మర్చిపోకండి అన్నాను. మీరు ఊ అన్నారు."

అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది. కుంకుడు పొడికి ఎడతెగని తుమ్ములు. ముక్కుకి తడి తువ్వాలు, కళ్ళ నిండా నీళ్ళు. ఆమె ఏదో అంది. ఆయన ఊ అన్నాడు. పెళ్ళైనప్పట్నుంచీ అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆస్పత్రి బస్తా కాటా ఎక్కింది. ముల్లు ఒక కిలో మేర వెనకాడింది. చెయ్యి దానంతటదే మూత తీసింది, దానంతటదే రెండు గిన్నెలు పోసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతికి ఆయన ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

'పట్టింది నువ్వేగా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. భార్య మొహం చూశాక వెనక్కి పోయింది.

బల్ల మీద కొవ్వొత్తి సగం కరిగింది. ప్రాజెక్టు కలం అందుకుని, తన సంతకానికి కింద గీత గీయాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. వాడు సంతకం పెడితే మిల్లు ఉంటుంది. రేపు పొద్దున్న మళ్ళీ రాళ్ళు తిరుగుతాయి. నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరి నోరు, తెరిచినప్పుడల్లా, ఇందాకట్నుంచీ ఆయనే మూయిస్తున్నాడు.

కలం కాగితానికి తగిలింది.

"ఆగరా," అన్నాడు మిల్లాయన. "నీకు చదవకుండా సంతకం పెట్టే జబ్బు ఎప్పుడు పోతుంది?"

"నువ్వున్నావుగా బావా," అన్నాడు ప్రాజెక్టు నమ్మకంగా.

మిల్లాయన కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. తను రాసిన ఫిర్యాదు కూడా తీసి చింపాడు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏంటయ్యా ఇది? ఇతను కాదా?"

"కాదండీ."

"మీ ఆవిడా?"

"కాదండీ."

"మరి కలిపిందెవరు?"

మిల్లాయన ఒకసారి గోడ మీద తండ్రి రాయించిన ఎర్ర అక్షరాలని చూశాడు. కాటాని చూశాడు. ముల్లు సున్నా మీద నిటారుగా, ఏ పాపం ఎరగనట్టు నిలబడి ఉంది. బల్ల మీద లక్క కడ్డీ తనే తీసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు.

"నేనే. ఈ చేత్తోనే. తూకం తగ్గకూడదని రెండు గిన్నెలు ఎక్కువ పోశాను. మా ఆవిడ చెప్పింది. నేనే వినలేదు."

"ఊ," అంది ఆయన భార్య.